మంచు అంచున పూచే బనఫ్షా

శీతకాలం ప్రవేశించగానే నాకు వచ్చే ఉత్తరాలలో ఒక ప్రశ్న తప్పక కనిపిస్తుంది. "జలుబుకు, పొడిదగ్గుకు యునానీ వైద్యులు వ్రాసే బనఫ్షా పువ్వు ధర మాబోటి వారికి అందుబాటులో లేదు. దాని విత్తనాలు ఎక్కడ లభిస్తాయి? పెరట్లో తులసి ప్రక్కన వేసుకొనవచ్చునా?" అని. విశాఖపట్నం నుండి వ్రాసినవారు అరకులో వేస్తే వస్తుందేమోనని అడుగుతారు. అమెరికాలో స్థిరపడిన మన ఆడపడుచులు తమ ఇంటి పచ్చికలో ఊదారంగు పువ్వులు విరివిగా పూస్తున్నవనీ, అవి ఇవేనా అనీ అడుగుతారు. ఒక్కొక్కరికి వేరువేరుగా సమాధానం వ్రాయుట కంటె, ఈ మొక్క స్వభావాన్ని సమగ్రంగా వివరించుట మేలని తోచినది.

మైదాన ప్రాంతంలో ఇది బ్రతకదు. ఎందుకు బ్రతకదో తెలిసినవారికి దాని ధర ఎందుకు ఎక్కువో, పొట్లంలో కల్తీ ఎందుకు వస్తున్నదో, ఏ భాగాన్ని వాడవలెనో, దేనిని వాడరాదో కూడా తేటతెల్లమవుతుంది.

బనఫ్షా పారశీక పదం. చరక, సుశ్రుత సంహితలలో ఈ ద్రవ్యం లేదు. యునానీ హకీములతో పాటు మన దేశంలోకి వచ్చి, తరువాతి కాలంలో ఆయుర్వేద వైద్యుల చికిత్సలోనూ చోటు సంపాదించుకొన్నది. తెలుగులో దీనికి పుట్టుపేరు లేకపోవుట సహజమే. మన నేలపై లేని మొక్కకు మన పూర్వులు పేరెందుకు పెడతారు? హైదరాబాదు పాతబస్తీలోని యునానీ దుకాణాలలో నేటికీ ఎండిన పువ్వును 'గుల్-ఎ-బనఫ్షా' అనే అడుగుతారు. ఆంగ్లంలో దీనిని వయొలెట్ అంటారు. ఈ ప్రజాతిలో ప్రపంచవ్యాప్తంగా ఐదు వందలకు పైగా జాతులు ఉన్నవి. అందుచేత 'బనఫ్షా' అన్నంత మాత్రాన ఒకే మొక్క అనుకొనరాదు.

గ్రంథాలలో చెప్పిన అసలు బనఫ్షా వయోలా ఒడొరేటా. దీని జన్మభూమి ఐరోపా, పశ్చిమాసియా. కాశ్మీరు వంటి చల్లని చోట్ల కూడా లభిస్తుంది. హిమాచల్, గఢ్వాల్ కొండలలో ఆ పేరుతో సేకరించేవి ఎక్కువగా వయోలా కెనెసెన్స్, వయోలా పిలోజా అనే స్థానిక జాతులు. రెండవదానిని పాత గ్రంథాలలో వయోలా సర్పెన్స్ అని వ్రాశారు. ఇక వీటన్నిటికంటె చాలా ఎత్తున, వృక్షాలు పెరగని పర్వత భాగంలో పసుపుపచ్చని పువ్వుతో ఉండేది వయోలా బైఫ్లోరా. నిజమైన ఉన్నత పర్వత వాసి ఇదే. లిన్నేయస్ పండితుడు 1753లోనే దీనికి ఈ పేరు పెట్టాడు. ఒక్కొక్క కాడకు సాధారణంగా రెండు పువ్వులు ఉంటాయి గనుక ఆ పేరు.

కొండ ఎక్కుతూ చూస్తే

ఈ జాతుల మధ్య భేదం పుస్తకంలో చదివినదాని కంటె కొండ ఎక్కుతున్నప్పుడు బాగా బోధపడుతుంది. కొన్నేళ్ళ క్రిందట ఒక జూలై మాసంలో నేను గఢ్వాల్‌లోని పూలలోయకు వెళ్ళాను. ఆంగ్లేయ పర్వతారోహకుడు ఫ్రాంక్ స్మైత్ 1931లో కామెత్ శిఖరం ఎక్కి తిరిగివస్తూ చూచిన లోయ ఇది. 1982లో జాతీయోద్యానమైనది, 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినది. గోవిందఘాట్ వద్ద ఎత్తు సుమారు 1,800 మీటర్లు. అక్కడి నుండి ఘాంఘరియా వరకు కాలిబాట.

బాట ప్రారంభంలో, నీడగా ఉన్న గట్ల మీద, నాచుపట్టిన రాళ్ళ సందులలో, హృదయాకారపు ఆకులతో నేలను అంటిపెట్టుకొని కనిపించినది మామూలు బనఫ్షా. అక్కడివారు వనఫ్షా అనీ, బనక్షా అనీ అంటారు. ఇవి 1,500 నుండి 2,400 మీటర్ల వరకు బాంజ్ అనే ఓక్ చెట్ల నీడలో, దేవదారు వనాల అంచులలో బాగా పెరుగుతాయి. పూచేది ఫాల్గుణ, చైత్ర మాసాలలో. జూలైలో ఒక్క పువ్వు కూడా కనిపించదు. అయితే ఆకులు ఎత్తి చూస్తే క్రింద, మట్టికి ఆనుకొని, చిన్న ఆకుపచ్చని మొగ్గలు ఉంటాయి. ఇవి ఎన్నడూ విచ్చుకోవు. మొగ్గలోపలే పరాగ సంపర్కం జరిగి కాయలవుతాయి. వసంతంలో విరిసే అందమైన పువ్వు తేనెటీగల కోసం. వానాకాలంలో దాగి ఉండే ఈ మూసిన మొగ్గ విత్తనాల కోసం. సేకరించేవారు తెలుసుకొనవలసిన ముఖ్యమైన సంగతి ఇది. దీని ప్రస్తావన మళ్ళీ వస్తుంది.

పైకి పోయేకొలదీ చలి పెరుగుతుంది. ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు 6 డిగ్రీల వంతున ఉష్ణోగ్రత తగ్గుతుంది. ఘాంఘరియా దాటిన తరువాత భూర్జవృక్షాలు వస్తాయి. మన పూర్వులు వ్రాతకు వాడిన భూర్జపత్రం ఈ చెట్టు బెరడే. అవి కూడా ఆగిపోయిన చోట, దాదాపు 3,400 మీటర్ల వద్ద, పచ్చిక మైదానాలు మొదలవుతాయి. గఢ్వాలీలో బుగ్యాల్ అంటారు. ఆయుర్వేదాభిమానికి ఇది తీర్థం వంటిది. మనం దుకాణంలో ఎండువేళ్ళుగా మాత్రమే ఎరిగిన అతివస, కటుకరోహిణి, జటామాంసి వంటి ఓషధుల స్వస్థలం హిమాలయాలలోని ఇటువంటి ఎత్తైన పచ్చిక నేలలే.

ఇంత ఎండ, ఇంత గాలి ఉన్న ఆ మైదానం నడుమ పసుపు వయొలెట్ కనిపించలేదు. వెదకగా పెద్ద బండరాయి ఉత్తరపు వైపున, రాతి క్రింది గుహవంటి చోట, మంచునీరు ఊరుతూ పోతున్న సన్నని కాలువ ప్రక్కన గుంపుగా ఉన్నవి. జానెడు ఎత్తు కూడా లేదు. ఆకు మూత్రపిండం ఆకారంలో, పలుచగా, లేతగా ఉన్నది. పసుపు రేకులలో నాలుగు పైకి తిరిగి, ఒకటి క్రిందికి వంగి ఉన్నది. క్రింది రేకుపై గోధుమ ఊదా గీతలు. ఆ గీతలు కీటకానికి తేనె దారి చూపుతాయి. రేకు వెనుక చిన్న కొమ్మువంటి తిత్తిలో తేనె ఉంటుంది. దీనికి చెప్పుకోదగిన సువాసన లేదు.

దానికి కావలసిన నేల, నీరు, చలి

ఉన్నత పర్వత మొక్క అనగానే ఎండకు, గాలికి ఎదురు నిలిచే మొండి మొక్క అని భావిస్తాము. ఈ పసుపు వయొలెట్ అటువంటిది కాదు. కఠినమైన చోట ఒక సుకుమారమైన మూలను వెదుక్కొని బ్రతుకుతుంది. బండ నీడలో గాలి తగ్గుతుంది, తేమ నిలుస్తుంది, మధ్యాహ్నపు తీవ్రమైన ఎండ తగలదు. వేళ్ళకు ఎల్లప్పుడూ తడి కావలెను, కానీ నీరు నిలువరాదు. వాలుమీద ఊరుతూ, కదులుతూ పోయే చన్నీరు దానికి హితం. మట్టి నల్లగా, గుల్లగా, ఏళ్ళతరబడి కుళ్ళిన ఆకులతో కూడి ఉండవలెను.

అన్నిటికంటె విచిత్రమైనది మంచుతో దానికి గల సంబంధం. ఇక్కడ మంచు అంటే మన తెల్లవారుజామున కురిసే మంచు కాదు. ఐదారు నెలలు నేలను కప్పి గట్టిపడి ఉండే హిమం. పైన గాలి సున్న కంటె 15, 20 డిగ్రీలు దిగువకు పోయినా, దళసరి హిమం క్రింద నేల దాదాపు సున్న డిగ్రీల వద్దనే ఉంటుంది. అంటే ఆ మొక్కకు మంచు ఒక కంబళి. ఆకులు వాడి రాలిపోయినా, నేలలో అడ్డంగా పాకే కాండం ఆ కంబళి క్రింద భద్రంగా నిద్రిస్తుంది. హిమం కరిగిన కొద్ది వారాలకే ఆకు, పువ్వు వస్తాయి. ఏడాది మొత్తానికి దాని జీవితం మూడు నాలుగు నెలలే. హిమం పలుచబడిన ఏడు చలి నేరుగా వేరును తాకుతుంది. త్వరగా కరిగిన ఏడు వేసవి మధ్యలో తేమ కరవవుతుంది. హిమాలయాలు వేడెక్కుతున్న ఈ రోజులలో ఇటువంటి మొక్కలకు పైకి ఎక్కడం తప్ప గత్యంతరం లేదు. శిఖరం మీద ఆ పైన చోటు లేదు.

విత్తనానికి కూడా చలి కావలెను. ఈ జాతుల గింజలు కొన్ని వారాలపాటు తడిగా, చల్లగా ఉంటేనే మొలకెత్తుతాయి. శరత్తులోనే మొలిస్తే చలికి చస్తుంది గనుక, శీతకాలం గడిచినదని రూఢి చేసుకొన్న తరువాతనే మొలుస్తుంది. ఇక్కడ ఒక పాఠకుడు ఫ్రిజ్‌లో పెట్టి మొలిపించవచ్చునా అని అడిగారు. మొలకెత్తించవచ్చును. కానీ ఆ మొలకను విజయవాడ వైశాఖం ఎండ నుండి ఏ ఫ్రిజ్ కాపాడుతుంది? లంబసింగిలో రెండు మూడు రాత్రులు నీరు గడ్డకట్టేంత చలి వేసినా, అది నెలలతరబడి ఉండేది కాదు, వేసవి చల్లదనం అసలే లేదు. నీలగిరులు, పళని కొండల వంటి ఎత్తైన చోట్ల కొన్ని వయొలెట్ జాతులు సహజంగానే ఉన్నవి. మన తూర్పు కనుమల ఎత్తు అందుకు చాలదు.

గింజలు వ్యాపించే పద్ధతి కూడా చెప్పవలెను. ప్రతి గింజకు ఒక కొసన తెల్లని, నూనెగల చిన్న ముద్ద అంటుకొని ఉంటుంది. చీమలు దానికోసం గింజను పుట్టకు మోసుకొనిపోయి, ముద్దను తిని, గింజను పారవేస్తాయి. పుట్ట దగ్గర మన్ను గుల్లగా, సారవంతంగా ఉంటుంది. కొన్ని జాతులలో కాయ మూడు చీలికలై, ఎండుతూ ఒత్తుకొని, గింజలను దూరంగా చిమ్ముతుంది. సువాసన గల బనఫ్షాలో మాత్రం కాయ నేలకు వంగి, గింజలను చీమల కాళ్ళ దగ్గరనే పెడుతుంది.

పువ్వు కోయుట, వేరు పెరుకుట

మూసిన మొగ్గల విషయం మళ్ళీ వస్తుందన్నాను. వసంతంలో విరిసిన పువ్వును మాత్రమే గిల్లి తీసుకొంటే మొక్కకు పెద్ద నష్టం లేదు. గింజల కొరకు వానాకాలపు మొగ్గలున్నవి, వేరు ఉన్నది, పాకే తీగలు ఉన్నవి. కానీ ఒక కిలో ఎండు పువ్వు కావలెనంటే ఎన్ని వేల పువ్వులు ఒక్కొక్కటిగా వంగి కోయవలెనో ఊహించండి. కూలికి, ధరకు పొంతన కుదరక, సేకరించేవారు మొక్కను వేరుతో సహా పెరికి ఎండబెట్టి 'బనఫ్షా' పేరిట అమ్ముతారు. పువ్వు మాత్రమే అయితే గుల్-ఎ-బనఫ్షా, మొక్క మొత్తం అయితే బనఫ్షా. రెండింటి ధరకు చాలా తేడా. చైత్రంలో పెరికిన మొక్కకు ఆషాఢపు మొగ్గ ఉండదు, గింజ ఉండదు. ఆ గట్టు మీద మరుసటి ఏడు ఏమీ ఉండదు. ఇందులో కొండవారిని నిందించి లాభం లేదు. చవక సరుకును అడిగేది మనమే.

జటామాంసిని, కటుకరోహిణిని 1997లో అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ ఒప్పందపు జాబితాలో చేర్చవలసి వచ్చినది. వేరే ఔషధమైన మొక్కకు త్రవ్వక తప్పదు. దాని సమస్య వేరు. పువ్వే ఔషధమైన మొక్కను వేరుతో పెరుకుట మాత్రం కేవలం తొందరపాటు.

ఇది రోగికి కూడా హాని. బనఫ్షా వేరుకు వాంతి కలిగించే గుణం ఉన్నది. విత్తనాలకూ అంతే. పూర్వం పాశ్చాత్య వైద్యంలో వాంతికి వాడే ఇపెకాక్ వేరుకు బదులుగా దీనిని వాడినవారున్నారు. నా వద్దకు ఒక గృహిణి పదేళ్ళ కుమారుని తీసుకొనివచ్చినది. దగ్గు తగ్గుటకు కషాయం ఇచ్చిన ప్రతిసారి పిల్లవానికి వాంతులు. రెండు రోజులుగా నీరు కూడా నిలువక నీరసించిపోయాడు. ఆమె కొంగున కట్టుకొని తెచ్చిన పొట్లం విప్పి చూచాను. అందులో పువ్వులు పదో పన్నెండో. మిగిలినదంతా వేళ్ళు, మట్టి, ఆకు తుంపులు. దానినే గరిటెడు చొప్పున మరిగించి ఇచ్చినది. కషాయం ఆపించి, ఉప్పు పంచదార కలిపిన నీరు త్రాగించగా బాలుడు కోలుకొన్నాడు. ఆ తల్లి దోషం ఏమీ లేదు. అడిగినది బనఫ్షా, ఇచ్చినదీ బనఫ్షానే.

కొనునప్పుడు, వాడునప్పుడు

పొట్లాన్ని కాగితం మీద పోసి చూడవలెను. ఊదారంగు ముడుచుకొన్న రేకులు, వెనుక చిన్న తిత్తి కనిపించవలెను. తెల్లని, ముడులుగల వేళ్ళు ఉంటే తీసుకొనవద్దు. గోధుమరంగుకు తిరిగినది పాత సరుకు. సువాసన విషయంలో ఒక చమత్కారం ఉన్నది. పువ్వును ముక్కు దగ్గర పెట్టగానే పరిమళం తెలుస్తుంది, క్షణంలో మాయమవుతుంది, కొంతసేపటికి మళ్ళీ వస్తుంది. పువ్వులోని అయొనోన్ అనే పదార్థం ఆ వాసనను గ్రహించే శక్తిని కాసేపు మొద్దుబారుస్తుంది. మాయమైనది పరిమళం కాదు, మన ఘ్రాణం. ఎండిన పువ్వులో ఇది బాగా తగ్గిపోతుంది.

మరొక పరీక్ష ఇంట్లో చేయవచ్చును. పువ్వును వేడినీటిలో నానవేసి ఆ నీటిని రెండు గిన్నెలలో పోయండి. ఒకదానిలో నిమ్మరసం చుక్క వేస్తే ఎరుపు, రెండవదానిలో వంటసోడా వేస్తే ఆకుపచ్చ రావలెను. రాబర్ట్ బాయిల్ అనే శాస్త్రజ్ఞుడు 1664లో ప్రకటించిన గ్రంథంలో ఆమ్లాన్ని, క్షారాన్ని గుర్తించుటకు ఈ పువ్వు షర్బత్తునే వాడాడు. అయితే శంఖపుష్పం కూడా నిమ్మరసంతో రంగు మారుతుంది. కనుక ఈ పరీక్ష పువ్వు రంగు చెడలేదని చెబుతుందే గాని, అది బనఫ్షాయేనని రుజువు చేయదు.

పెద్దలకు వాడు విధానం: 3 గ్రాముల పువ్వును ఒక గ్లాసు మరిగిన నీటిలో వేసి మూతపెట్టి పావుగంట ఉంచి, వడగట్టి, కొద్దిగా పటికబెల్లం చేర్చి, గోరువెచ్చగా ఉదయం, రాత్రి సేవించవలెను. నాలుగైదు రోజులు చాలును. పొయ్యిమీద ఎక్కువసేపు మరిగించరాదు. పువ్వులోని జిగురు గొంతు లోపలి మంటను, పొడిదగ్గును శమింపజేస్తుంది. విరేచనం కొద్దిగా మెత్తబడుతుంది. అజీర్ణ విరేచనాలు ఉన్నప్పుడు వాడరాదు. 2015లో ప్రచురితమైన ఒక ఇరాన్ పరిశోధనలో, ఉబ్బసంగల పిల్లలకు మామూలు మందుతో పాటు ఈ పువ్వు షర్బత్తు ఇచ్చినప్పుడు దగ్గు త్వరగా తగ్గినదని తేలినది. ఇది మందుకు తోడుగా ఇచ్చినదే గాని బదులుగా కాదని గమనించవలెను. గర్భవతులు, పసిపిల్లలు, ఆస్పిరిన్ పడనివారు వైద్యుని సలహా లేక వాడరాదు. ఆయాసం, జ్వరం, కఫంలో రక్తం ఉన్నా, దగ్గు రెండు వారాలు మించినా, ఏ కషాయంతోనూ కాలయాపన చేయక కఫ పరీక్ష చేయించుకొనవలెను.

మరి బనఫ్షా దొరకనివారి సంగతి? యునానీ జోషాందాలో బనఫ్షాతో పాటు వేసే సపిస్తాన్ అనేది మన ఊళ్ళలోని నక్కెర కాయ. కొందరు విరిగి అంటారు. ఉన్నాబ్ మన రేగుకు దగ్గరి బంధువు. ములేఠీ అంటే అతిమధురం. ఎండిన నక్కెర కాయలు ఐదు, చిటికెన వ్రేలి ముక్కంత అతిమధురం నలగగొట్టి, రెండు గ్లాసుల నీటిలో ఒక గ్లాసు మిగులునట్లు కాచి, వడగట్టి, రెండు పూటలుగా త్రాగితే పొడిదగ్గుకు బనఫ్షా లేని లోటు పెద్దగా తెలియదు. జిగురు గుణం ఇందులో సమృద్ధిగా ఉన్నది. రక్తపోటు ఉన్నవారు అతిమధురం మానివేసి నక్కెర కాయ మాత్రమే వాడవలెను. నా వద్దకు వచ్చేవారికి పదిమందిలో ఎనిమిదిమందికి నేను చెప్పేది ఇదే.

వానలు పడగానే మన చేలగట్ల మీద ఒకే ఒక పెద్ద గులాబిరంగు రేకుతో పూచే రత్నపురుష కూడా బనఫ్షా కుటుంబానికే చెందినది. కుటుంబం ఒకటైనా గుణం వేరు. దగ్గుకు ప్రతినిధి ద్రవ్యంగా వాడరాదు. కుండీలలో అమ్మే ఆఫ్రికన్ వయొలెట్‌కు పేరు తప్ప బనఫ్షాతో చుట్టరికమే లేదు. దాని పువ్వును కషాయంలో వేయవద్దు.

అమెరికా సోదరీమణుల ప్రశ్నకు సమాధానం: తూర్పు రాష్ట్రాలలో ఇళ్ళ ముందు పచ్చికలో పూచేది సాధారణంగా వయోలా సొరోరియా అనే అక్కడి జాతి. అది బనఫ్షా కాదు గాని, ఆకులను, పువ్వులను అక్కడివారు ఆహారంగా తీసుకొంటారు. పచ్చికకు కలుపుమందు చల్లి ఉంటే దానిని ముట్టవద్దు. వేరును ఎట్టి పరిస్థితిలోను వాడవద్దు. పువ్వులను ఉదయం మంచుబిందువులు ఆరిన తరువాత కోసి, నీడలో పలుచగా పరచి ఆరబెట్టి, గాజు సీసాలో బిగించి, వెలుతురు తగలని చోట ఉంచండి. ఏడాది దాటితే పారవేసి, మరుసటి వసంతంలో కొత్తవి కోసుకొనండి.